పోయే వేడిని కొలిస్తేనే జనరేటరు దక్షత తెలిసేది

ప్రకాశం జిల్లా దర్శి వైపు పొలాలకు పారే సాగర్ కుడి కాలువ నీళ్ళు కాలువలో పడకముందే ఒక పని చేసి వస్తాయి. కాలువ తల దగ్గర 30 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. అక్కడ లోడు ఎంతన్నది చాలావరకు ఆయకట్టు అవసరమే తేలుస్తుంది. నాట్లప్పుడు నిండుగా వదులుతారు, కోతలకు తగ్గిస్తారు. ఈలోగా జలాశయ మట్టమూ మారిపోతుంది. తెలుగుగంగ ద్వారా సోమశిల, కండలేరులకు నీళ్ళిచ్చే శ్రీశైలంలో సంగతి వేరు. కుడిగట్టున 110 మెగావాట్ల యూనిట్లు ఏడున్నాయి. సాయంత్రం సౌరవిద్యుత్తు తగ్గి వాడకం పెరిగే వేళ అందుకోవలసినవి ఇలాంటి యూనిట్లే. రెండు చోట్లా పూర్తి లోడు దగ్గరి దక్షత (లోపలికి వెళ్ళిన శక్తిలో కరెంటుగా బయటికొచ్చే వాటా) ఒక్కటే పట్టుకుంటే లెక్క తప్పుతుంది.

లోపలికి వెళ్ళే శక్తినీ బయటికొచ్చే కరెంటునూ కొలిచి భాగిస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. 110 మెగావాట్ల జనరేటరు దక్షత 98.5 శాతమనుకుంటే మొత్తం నష్టం సుమారు 1,675 కిలోవాట్లు. షాఫ్టు మీద వచ్చే శక్తిని కొలవడంలో ఒక్క శాతం పొరపాటు వచ్చినా అది 1,100 కిలోవాట్లు. అంటే కొలవదలుచుకున్న నష్టంలో మూడింట రెండు వంతులు పొరపాటులోనే కొట్టుకుపోతుంది. అదే నష్టాన్ని నేరుగా కొలిస్తే, అందులో ఐదు శాతం తప్పు పోయినా దక్షత అంకె 0.08 శాతానికి మించి కదలదు. పెద్ద యంత్రాలకు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ (ఐఈసీ) 60034-2 ప్రమాణాలు నష్టాలను కొలిచే పద్ధతులు చెప్పేది అందుకే.

ఒక పద్ధతి యంత్రాన్ని వేగంగా తిప్పి వదిలేయడం. రోటరు, అంటే జనరేటరులో తిరిగే భాగం, పూర్తి వేగంలో 360 మెగాజౌళ్ళ గతిశక్తి దాచుకుందనుకుందాం. 105 శాతం వేగం నుంచి 95 శాతానికి దిగేసరికి 72 మెగాజౌళ్ళు ఖర్చవుతాయి. ఎక్సైటేషన్ (రోటరును అయస్కాంతంగా మార్చే కరెంటు) లేకుండా దిగడానికి 144 సెకన్లు పడితే ఘర్షణ, గాలి నష్టం 500 కిలోవాట్లు. ఓపెన్ సర్క్యూట్‌లో (టెర్మినళ్ళకు ఏమీ కలపకుండా) పూర్తి వోల్టేజి పెట్టి దింపితే 80 సెకన్లే పట్టిందనుకోండి, 900 కిలోవాట్లు. తేడా 400 ఇనుప కోర్ నష్టం. షార్ట్ సర్క్యూట్‌లో (టెర్మినళ్ళను ఒకదానికొకటి కలిపి) పూర్తి కరెంటుతో దింపితే వైండింగులో పోయే రాగి నష్టమూ, దాని వెంట చుట్టుపక్కల లోహ భాగాల్లో వచ్చే స్ట్రే నష్టమూ తేలతాయి. పరీక్ష చెడేది రెండు చోట్ల. రన్నరు (టర్బైను చక్రం) నీళ్ళలో ఉంటే బ్రేకు వేసినట్టే, కాబట్టి కప్లింగు విప్పాలి, లేదా కేసింగు ఖాళీ చేసి పక్క యూనిట్ సరఫరాతో మోటారులా తిప్పి వేగం ఎక్కించాలి. ఎక్సైటేషన్ వేరే సరఫరా నుంచి ఇవ్వాలి. జనరేటరు టెర్మినళ్ళ నుంచే తీసుకుంటే ఆ శక్తి కూడా రోటరు నుంచే పోయి నష్టంగా లెక్కకొస్తుంది.

రెండోది వేడి లెక్క, లోడు మీద చేయగలిగేది ఇదే. నష్టం చివరికి వేడే కదా. అందులో ఎక్కువ భాగాన్ని ఎయిర్ కూలర్లలో తిరిగే నీళ్ళు మోసుకుపోతాయి. సెకనుకు 80 లీటర్ల నీళ్ళు 4 డిగ్రీలు వేడెక్కితే 1,340 కిలోవాట్లు. ఇక్కడ 0.1 డిగ్రీ తప్పితే 33 కిలోవాట్లు, అంటే రెండున్నర శాతం పోయినట్టే. కాబట్టి లోపలి, బయటి నీళ్ళకు పెట్టే ప్లాటినం సెన్సర్లను ఒకే తొట్టిలో పోల్చి చూసుకోవాలి, మధ్యలో ఒకసారి చోట్లు మార్చి చదవాలి. ఫ్లోమీటరు ముందు పైపు వ్యాసానికి కనీసం పదిరెట్ల నేరు పైపు కావాలి. వంపు పక్కనే బిగిస్తే, నీళ్ళలో గాలి బుడగలుంటే రీడింగు నమ్మలేం. బేరింగు ఆయిల్ కూలర్ల వేడి వేరే తీయాలి. థ్రస్ట్ బేరింగు రోటరు బరువుతో పాటు టర్బైను తోపు కూడా మోస్తుంది కనుక అందులో జనరేటరు వాటా ఎంతో ముందే ఒప్పుకోవాలి, లేకపోతే తగాదా అక్కడే. యంత్రం గోడల నుంచి గదిలోకి పోయే వేడి చిన్నదే. అయినా నెల్లూరు ఎండాకాలం లాంటి వేడిలో గది యంత్రం కంటే అంత చల్లగా ఉండదు, ఆ లెక్క కూడా మారుతుంది. ప్రతి లోడు దగ్గరా ఉష్ణోగ్రతలు నిలకడకు వచ్చేదాకా ఆగాలి. ఇది గంటల పని. తొందరపడితే ఇనుములో, రాగిలో ఇంకా నిండుతున్న వేడి కూలరు నీళ్ళలో కనిపించదు, నష్టం తక్కువగా తేలుతుంది.

ఇక లోడు సంగతి. పై 900 కిలోవాట్లు లోడు ఎంతైనా దాదాపు మారవు. రాగి, స్ట్రే నష్టం పూర్తి లోడులో 475 అయితే కరెంటు వర్గాన్ని బట్టి సగం లోడులో 119కి, పావులో 30కి దిగుతుంది. ఎక్సైటేషన్ 300 నుంచి వరుసగా 170, 130 అవుతుందనుకుంటే దక్షత 98.5, 97.9, 96.3 శాతాలు. టర్బైను దక్షత కూడా తక్కువ లోడులో పడిపోతుంది, చాలాసార్లు జనరేటరు కన్నా ఎక్కువగా. అందుకే ఉన్న నీటికి మూడు యూనిట్లు సగంసగం తిప్పడం కంటే రెండింటిని ముప్పావు లోడులో తిప్పడం మేలు.

పవర్ ఫ్యాక్టరు (వోల్టేజి, కరెంటుల లబ్ధంలో నిజంగా పనికొచ్చే శక్తి వాటా) రాయకుండా దక్షత చెబితే ఆ అంకెకు విలువ లేదు. అదే 110 మెగావాట్లను 0.9 బదులు 1 దగ్గర ఇస్తే స్టేటరు (కదలని భాగం) కరెంటు పదో వంతు తగ్గుతుంది, రాగి, స్ట్రే నష్టంలో 90 కిలోవాట్లు మిగులుతాయి. వైండింగు నిరోధాన్ని 30 డిగ్రీల దగ్గర కొలిచి, పనిచేసేటప్పటి వేడి 95 అయితే దానికి సవరించకపోతే రాగి నష్టం 20 శాతం దాకా తక్కువ చూపిస్తుంది. పావు లోడులో కరెంటు ట్రాన్స్‌ఫార్మరు (కరెంటును తగ్గించి మీటరుకు ఇచ్చేది) తన పరిధి అడుగున పనిచేస్తుంది, తక్కువ కరెంటునూ కచ్చితంగా చూపే 0.2ఎస్ తరగతిది లేకపోతే ఆ బిందువు దగ్గర కొలిచిన కరెంటూ పవరూ పట్టుకోవద్దు. టెండరులో వివిధ లోడుల దక్షతలకు ఇచ్చే వెయిటేజి కూడా అలవాటుగా పూర్తి లోడు వైపే ఒరుగుతుంది. కాలువ మీది కేంద్రానికి ఆ వెయిటేజి గత సీజన్ల నీటి విడుదల రిజిస్టరు చూసి వేయాలి.