ఫారంలో తేదీ, డేటాబేస్‌లో తేదీ: అపోహలు - వాస్తవాలు

విశాఖలో మధురవాడ ఐటీ హిల్ మీద మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను ముందుగా ఇచ్చే పని, తేదీ ఉన్న ఒక చిన్న ఫారం. ద్వారకానగర్‌లో కోర్సు చేసి నేరుగా వచ్చినవాళ్లయినా, అనుభవం ఉన్నవాళ్లయినా దాదాపు ఇవే నమ్మకాలతో వస్తారు.

అపోహ: స్క్రీన్ మీద 12-03-2021 అని కనిపిస్తే సర్వర్‌కూ అలాగే వెళ్తుంది.

వాస్తవం: ఇన్‌పుట్ టైప్ డేట్ అయితే బ్రౌజర్ ఎలా చూపించినా పంపేది 2021-03-12 అనే. సర్వర్ నుంచి వెనక్కి తీసుకునేటప్పుడూ బ్రౌజర్‌కు ఆ వరుసే కావాలి. జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఎడిట్ ఫారం తెరిస్తే ఒక్కోసారి తేదీ బాక్స్ ఖాళీగా ఉండేది ఇందుకే. విడ్జెట్ (ఫారంలో ఆ బాక్స్‌ను చూపించే భాగం) ఫార్మాట్‌ను ఏడాది-నెల-రోజుగా పెట్టండి.

మామూలు టెక్స్ట్ బాక్స్ అయితే ఇంకా జాగ్రత్త. 05/06/2024 అంటే మనకు జూన్ 5. సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ భాష స్లాష్ చూస్తే మే 6 అనుకుంటుంది, అడ్డగీత చూస్తే జూన్ 5 అనుకుంటుంది. స్లాష్‌తో రాసినప్పుడు రోజు 12 దాటితే దాన్ని తేదీగా చదవలేదు కాబట్టి దొరికిపోతుంది. 12 లోపు తేదీలే చడీచప్పుడు లేకుండా తప్పు పడతాయి.

అపోహ: డేటాబేస్‌లో డేట్‌టైమ్ (తేదీ, టైమ్ కలిపి దాచే) కాలమ్ పెడితే అన్నిటికీ సరిపోతుంది.

వాస్తవం: పుట్టినరోజు అంటే ఒక రోజు. దానికి గంటలు, నిమిషాలు, టైమ్‌జోన్ తగిలిస్తే చిక్కులు మొదలవుతాయి. మద్దిలపాలెం దగ్గర ఒక పిల్లల క్లినిక్‌కు టీకాల ఫారం రాశాను. క్యాలెండర్ విడ్జెట్ ఎంచుకున్న రోజును మన అర్ధరాత్రి 12 గంటలుగా ఇచ్చేది. దాన్ని నేను టుఐఎస్ఓస్ట్రింగ్ అనే జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌తో పంపాను. అది యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా ప్రామాణికంగా వాడే టైమ్‌లోకి, మార్చేస్తుంది. మనం యూటీసీకి ఐదున్నర గంటలు ముందుంటాం కాబట్టి మార్చి 12 కాస్తా మార్చి 11 సాయంత్రం 6:30 అయింది. సర్వర్ అందులో తేదీ ముక్క మాత్రం దాచుకుంది. సేవ్ అయిందా లేదా అన్నదే చూశాను, ఏ రోజు పడిందో చూడలేదు. చివరికి ఒక తల్లి రిసెప్షన్‌లో, "మా పాప పన్నెండున పుట్టిందండీ, ఇక్కడ పదకొండు వేశారేంటి?" అని అడిగింది. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలన్నీ ఆ తేదీ నుంచే లెక్క. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పుట్టిన తేదీకి డేట్ కాలమ్ పెట్టండి, ఫారం నుంచి వచ్చిన ఏడాది-నెల-రోజును మధ్యలో ఏ మార్పిడీ చేయకుండా దాచండి. అపాయింట్‌మెంట్ టైమ్ సంగతి వేరు, దాన్ని యూటీసీలో దాచి చూపించేటప్పుడు మన టైమ్‌కు మార్చాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో టైమ్‌స్టాంప్ అనే కాలమ్ 1970 నుంచి 2038 వరకే పనిచేస్తుంది, తాతగారి పుట్టినరోజు అందులో పట్టదు.

అపోహ: వార్‌చార్‌లో (మామూలు అక్షరాల కాలమ్‌లో) దాచుకుంటే ఏ గొడవా ఉండదు.

వాస్తవం: వరుసలో పెట్టి చూడండి, 02-01-2025 వచ్చి 31-12-2024 కంటే ముందు కూర్చుంటుంది. ఫిబ్రవరి 31నీ కాదనదు.

అపోహ: కోడ్ సరిచేస్తే పాత రికార్డులకు ఒక రోజు కలిపేయొచ్చు.

వాస్తవం: నేనూ అలాగే అనుకున్నాను. కానీ కొన్ని తేదీలను రిసెప్షన్‌లో అప్పటికే చేత్తో సరిదిద్దారు. వాటికీ ఒక రోజు కలిపితే మళ్లీ తప్పవుతాయి. బ్యాకప్ తీసుకుని, రెండు సాయంత్రాలు క్లినిక్‌లో కూర్చుని ఒక్కో రికార్డునూ పేపర్ కార్డుతో సరిచూశాం.