టమాటా నారు ముదిరితే గట్టిపడదు

"ఇంకో పది రోజులు ట్రేలోనే ఉంచండి, నారు బాగా గట్టిపడ్డాక తీసుకెళతాను." మదనపల్లె ప్రాంతంలో నారు పెంచి అమ్మే మాకు ఈ మాట వినపడని వారం ఉండదు. అనేది కొత్తవాళ్లు కాదు, ఏళ్ల తరబడి టమాటా పండిస్తున్న రైతులే. రైతును నష్టపరిచే నమ్మకాల్లో దీన్ని మించింది నేను చూడలేదు. అందుకే ముందు దీని సంగతి తేలుద్దాం.

అపోహ: ముదురు నారు తట్టుకుంటుంది, లేత నారు చనిపోతుంది.

జరిగేది దీనికి తలకిందులు. 98 గళ్ల ప్రోట్రేలో (నారు పెంచే గళ్ల ప్లాస్టిక్ ట్రేలో) ఒక్కో మొక్కకు దక్కేది పిడికెడు కూడా లేని కొబ్బరి పొట్టు. ఎండాకాలంలో 25 రోజులు దాటేసరికి వేర్లు ఆ చోటంతా నింపేస్తాయి. ఇక పోవడానికి దారి లేక అడుగున చుట్టలు చుట్టుకుంటాయి. పోషకాలు అయిపోయి కింది ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, కాండం పుల్లలా బిరుసెక్కుతుంది. మనవాళ్లు మెచ్చుకునే 'గట్టి నారు' ఇదే. 40 రోజులు దాటితే ట్రేలోనే పూమొగ్గ కనిపిస్తుంది. త్వరగా కాపుకొస్తుందని సంబరపడకండి. జానెడు మొక్క మీద కాయ నిలిస్తే తిండంతా దానికే పోతుంది, కొమ్మలు వేయాల్సిన మొక్క అక్కడే ఆగిపోతుంది. మొదటి కోత నాలుగు రోజులు ముందొచ్చినా తర్వాతి కోతలన్నీ పలచబడతాయి.

నారుకు గట్టిదనం వయసుతో రాదు, అలవాటు చేస్తే వస్తుంది. నాటడానికి ముందు 5-7 రోజులు షేడ్‌నెట్ (నీడనిచ్చే వల) కింద నుంచి మెల్లమెల్లగా ఎండలోకి తెచ్చి, నీళ్లు కాస్త తగ్గించాలి. తగ్గించడమంటే మొక్క వాలిపోయేదాకా ఎండగట్టడం కాదు.

రోజుల లెక్క ఒక్కటే చూడకండి. ఎండాకాలంలో నారు 22-25 రోజులకే సిద్ధమవుతుంది, చలికాలంలో 30-35 పట్టవచ్చు. 12-15 సెంటీమీటర్ల ఎత్తు, మొలకతో వచ్చే మొదటి జత కాక 4-5 అసలు ఆకులు ఉంటే చాలు. అనుమానముంటే ఒక మొక్కను మొదలు దగ్గర పట్టి మెల్లగా పైకి లాగండి. పొట్టు విరిగి రాలిపోతే ఇంకా లేత. ముద్ద చెదరకుండా వచ్చి, తెల్లని వేర్ల మధ్య పొట్టు కనిపిస్తూ ఉంటే అదే అదను. పొట్టు కనపడకుండా గోధుమరంగు వేర్లే చాపలా అల్లుకుని ఉంటే అదను దాటిపోయింది.

ఒక అక్క గుర్తొస్తోంది. నారు సిద్ధమైంది, బోరులో నీళ్లు తగ్గాయి, మృగశిర కార్తె వానలు పడేదాకా ఆగమని చుట్టుపక్కల వాళ్లు చెప్పారు. "అన్నా, ఈ లేత మొక్కలు ఎండకు మాడిపోతే నా అప్పు ఎవరు తీరుస్తారు?" అని అడిగింది. ఆ భయం నాకు తెలుసు. విత్తనం, దుక్కి, డ్రిప్పు, మల్చింగ్ షీట్ అన్నింటికీ డబ్బు ముందే పెట్టేసిన మనిషి ఆమె. ఉన్న నీళ్లకు సరిపడా మొక్కలు సాయంత్రం పూట నాటించి, మిగిలినవి పెద్ద కవర్లలోకి మార్పించాను. నాటినవి రెండు మూడు రోజులు మధ్యాహ్నం వేళ వాలాయి, తర్వాత తేరుకుని కొత్త ఆకు వేశాయి. వాన కోసం ఆగి ముదురు నారు నాటిన పక్క చేను మాత్రం చాలా రోజులు అదే ఎత్తులో నిలబడిపోయింది. కవర్లలోకి మార్చినవాటికి వేరు పారే చోటు దొరికింది కాబట్టి వాన వచ్చాక అవీ బాగానే అందుకున్నాయి.

ముదిరిన నారు ఇప్పటికే చేతిలో ఉంటే పారేయనక్కర్లేదు. పూమొగ్గలు గిల్లేయండి, అడుగున చుట్టుకున్న వేర్లను వేళ్లతో కాస్త వదులు చేయండి, కింది ఆకులు తీసి కాండాన్ని లోతుగా నాటండి. మట్టిలో ఉన్న కాండానికి కొత్త వేర్లు పుడతాయి. అయితే అంటుకట్టిన నారును ఎప్పుడూ ఇలా నాటకూడదు. అంటు అతుకు మట్టికి పైనే ఉండాలి.

అపోహ: మదనపల్లెలో ఎండాకాలం పండుతుంది కాబట్టి ఎక్కడైనా పండుతుంది.

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రులు చల్లబడతాయి. మైదాన ప్రాంతంలో మార్చిలో నాటితే పూత ఏప్రిల్‌లో వస్తుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. మందులు కొట్టి ఆ పూతను నిలబెడతామనే మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

అపోహ: ధర పెరిగిందని తెలిసిన రోజే నాటాలి.

2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటినప్పుడు నారు కోసం ఎగబడిన వాళ్లను చూశాను. నాటాక మొదటి కోతకు 60-70 రోజులు పడుతుంది. అప్పటి ధర ఈ రోజు ఎవరికీ తెలియదు. ఫోన్లలో తిరిగే ధరల జోస్యాలు చూసి, బోదెలు కూడా తోలకుండా నారు తెచ్చుకుంటే చివరికి అది ట్రేలోనే ముదురుతుంది.

ఆకుముడత వైరస్ నారు వయసు వల్ల రాదు, తెల్లదోమ మోసుకొస్తుంది. చిరుగుల్లేని సన్న కన్నుల వల కింద పెరిగిన నారునే కొనండి. ఉదయం నాటాలా సాయంత్రం నాటాలా అన్నదానికి జవాబు సాయంత్రమే, వెంటనే నీళ్లు పెట్టండి.

నారుకు ఆర్డర్ చెప్పేటప్పుడు విత్తే తేదీ చీటీ మీద రాయించుకోండి. పొలం తయారయ్యే రోజు నుంచి వెనక్కి లెక్కేసి, ఆ తేదీకి విత్తమని నర్సరీవాళ్లకు మీరే చెప్పండి.