ఉక్కు ఉద్యమానికి పెద్దదిక్కు తెన్నేటి

విశాఖ ఉక్కు కర్మాగారంలో ప్రభుత్వ వాటా మొత్తం అమ్మేయడానికి కేంద్రం 2021 జనవరి 27న సరేనంది. అప్పటినుంచి ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ నినాదం మళ్లీ ఊరి గోడలకెక్కింది. 1966లో ఆ ఉద్యమాన్ని భుజాన వేసుకున్న తెన్నేటి విశ్వనాథం మాత్రం ఈ తరానికి అంతగా తెలియదు. సముద్రం ఒడ్డున తెన్నేటి పార్కులో సాయంత్రాలు గడిపేవాళ్లలోనూ ఆ పేరెవరిదో ఎరిగినవాళ్లు తక్కువే.

విశాఖ జిల్లాలో 1895లో పుట్టిన ఆయన స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లారు. 1937లో మద్రాసు శాసనసభలో అడుగుపెట్టారు. టంగుటూరి ప్రకాశం పంతులుకు కుడిభుజం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే, పంతులుగారి మంత్రివర్గంలో ఆర్థిక శాఖ ఆయనకే దక్కింది. మద్రాసు మనకు రాలేదు, చేతిలో డబ్బు లేదు, రాజధాని కర్నూలులో సర్కారు కచేరీలు డేరాల్లో నడుస్తున్నాయి. అలాంటి రాష్ట్రానికి జమాఖర్చులు చూడటమంటే మాటలు కాదు. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. నిండా పద్నాలుగు నెలలైనా లేదు.

నా దృష్టిలో తెన్నేటి అసలు పని ఆ పదవి పోయిన పన్నెండేళ్లకు మొదలైంది.

ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపానుకు పంపడానికి కొండలు తొలిచి రైలుమార్గం వేస్తున్న రోజులవి. దక్షిణాదిలో ఉక్కు ఫ్యాక్టరీకి విశాఖే తగిన చోటని బ్రిటిష్-అమెరికన్ నిపుణుల బృందం 1965లో తేల్చింది. హోస్పేట, సేలం కూడా పోటీలో ఉండటంతో ఢిల్లీ నాన్చింది. నివేదిక చేతిలో పెట్టుకుని మీనమేషాలు లెక్కించడమే జనాన్ని రగిలించింది. 1966 అక్టోబరులో గుంటూరు ప్రాంతపు అమృతరావు విశాఖ వచ్చి నిరాహారదీక్షకు కూర్చున్నారు. అఖిలపక్ష కార్యాచరణ సమితిని తెన్నేటి నడిపించారు. కమ్యూనిస్టులనూ విద్యార్థులనూ ఒక్క తాటిమీద నిలపాలంటే అందరూ ‘పెద్దాయన’ అనుకునే మనిషి కావాలి. ఆయనకు అప్పుడు డెబ్భై దాటాయి.

నవంబరు 1న, సరిగ్గా రాష్ట్రావతరణ దినాన, విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. రాష్ట్రమంతటా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో విశాఖ జనం తెన్నేటిని ఏ పార్టీ అండా లేని స్వతంత్రుడిగానే లోక్‌సభకు పంపారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీని ప్రకటించారు. 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు.

ఆ తర్వాత పనులు నత్తనడకే. తెన్నేటి 1979లో కన్నుమూసేనాటికి ఉక్కు ముద్ద బయటికి రాలేదు. ప్లాంటును జాతికి అంకితం చేసింది 1992లో, పీవీ నరసింహారావు హయాంలో. భూములిచ్చిన ఊళ్లలో నిర్వాసితులకిచ్చిన ఆర్-కార్డులు (పునరావాస కార్డులు) పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలు నేటికీ ఉన్నాయి. సొంత గనులు కేటాయించకపోవడంతో ఖనిజాన్ని బయట కొనక తప్పడం లేదు. నష్టాలకు అదే పెద్ద కారణమని కార్మిక సంఘాలు మొదటినుంచీ మొత్తుకుంటున్నాయి. నేనూ ఆ మాటే నమ్ముతాను. 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీలోనూ గనుల ఊసు లేదు.