అంచున కాదు, నడిమధ్యలో

2024 డిసెంబర్ 4, బుధవారం, పొద్దున 7 గంటల 27 నిమిషాలు. హనుమకొండలో మా అపార్ట్‌మెంట్ వాళ్లంతా ఆ చలిలో స్వెట్టర్ కూడా వేసుకోకుండా మెట్ల మీద నుంచి కిందికి పరుగెత్తారు. వంటింట్లో గిన్నెలు గలగలలాడాయని ఒకరు, మంచాన్ని ఎవరో పట్టుకుని ఊపినట్టయిందని ఇంకొకరు. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చిందని, అది 40 కిలోమీటర్ల లోతున పుట్టిందని జాతీయ భూకంప కేంద్రం చెప్పింది. కాసేపటికే మేడారం గద్దెల దగ్గర సీసీ కెమెరాలో పడిన వీడియో వాట్సాప్ అంతా తిరిగింది. అంతకు మూడు నెలల ముందు, ఆగస్టు 31న, అదే అడవిలో గాలివాన ధాటికి వేల చెట్లు నేలకూలాయి. రెండింటినీ ముడిపెట్టి కథలు అల్లడానికి మనవాళ్లకు ఎంతో సేపు పట్టలేదు.

జాగ్రఫీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి ఆ రోజంతా నా ఫోన్ మోగుతూనే ఉంది. పాత విద్యార్థి ఒకడు నిలదీసినట్టే అడిగాడు: "సార్, ప్లేట్లు ఒకదానికొకటి రాసుకునే కాడనే భూకంపాలు వస్తయని మీరే చెప్పిన్రు గద. మనం నడిమధ్యల ఉన్నం. మరి ఇదేంది?"

చెప్పాను, నిజమే. పుస్తకంలోనూ అలాగే ఉండేది: భూమి పైభాగం కదిలే పెద్ద రాతి పలకలుగా, అంటే ప్లేట్లుగా ఉంటుందని, అవి రాసుకునే అంచుల్లోనే భూకంపాలని. ఆ పాఠం తప్పు కాదు గానీ, సగమే. మిగతా సగం శాస్త్రవేత్తలకు అర్థం కావడానికే దశాబ్దాలు పట్టింది. అందులో పెద్ద అధ్యాయం నడిచింది ఎక్కడో కాదు, మనకు ఆగ్నేయాన హిందూ మహాసముద్రం అడుగున.

2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం. మన టైము 2 దాటి 8 నిమిషాలు. ఇండోనేషియాలోని సుమత్రాకు పడమర, నడిసముద్రం కింద 8.6 తీవ్రతతో భూమి కదిలింది. రెండు గంటల తర్వాత దానికి కాస్త దక్షిణంగా 8.2తో మరొకటి. చెన్నై, కోల్‌కతా ఆఫీసుల్లోంచి జనం రోడ్ల మీదికి వచ్చేశారు. 2004 డిసెంబర్ 26 సునామీ ఇంకా ఎవరి మనసులోంచీ పోలేదు కదా, తీరమంతా ఒకటే టెన్షన్. ఆ సునామీ తర్వాత హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో పెట్టిన హెచ్చరిక కేంద్రం వెంటనే బులెటిన్లు పంపింది. తీరా చూస్తే సుమత్రా తీరంలో అల మీటరు ఎత్తుకు అటూ ఇటూ. ఇండోనేషియాలో పది మంది దాకా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఆ భయానికి గుండె ఆగి పోయినవాళ్లు.

అంత పెద్ద భూకంపానికి పెద్ద సునామీ ఎందుకు రాలేదన్న దగ్గరే అసలు కథ ఉంది. 2004లో జరిగింది ప్లేటు అంచున. మన వైపు ప్లేటు సుమత్రా కిందికి దూరే చోట పై ప్లేటు ఒక్కసారిగా ఎగిసి నీళ్లను పైకి నెట్టింది. 2012లో కదిలింది ఆ అంచు కాదు, అక్కడికి ఇంకా చేరని ప్లేటు నడిభాగం. పైగా అక్కడ ఏదీ లేవలేదు, కుంగలేదు. రెండు ముక్కలు ఒకదాని పక్కనుంచి ఒకటి అడ్డంగా జరిగాయి. బల్ల మీద గిన్నెడు నీళ్లు పెట్టి బల్లను పక్కకు జరిపితే నీళ్లు తొణుకుతాయే గానీ ఉప్పొంగవు. ఇదీ అంతే. ఇలా అడ్డంగా జరిగే భూకంపాల్లో పరికరాలకు దొరికినవాటిలో అన్నింటికన్నా పెద్దది అదే. మన ములుగు భూకంపంతో పోలిస్తే విడుదలైన శక్తి దాదాపు 90 వేల రెట్లు.

రికార్డులు విప్పి చూసేకొద్దీ ఇంకో వింత బయటపడింది. విరిగింది ఒక్క పగులు కాదు, కనీసం నాలుగు. అవి కూడా ఒకే వరసలో లేవు. ఒకటి ఒక దిక్కుకు పోతే ఇంకొకటి దానికి అడ్డంగా, గల్లీ మలుపు తిరిగినట్టు, దాదాపు లంబకోణంలో పోయింది. తర్వాతి ఆరు రోజుల్లో ప్రపంచంలో దూరదూరాన కూడా 5.5 దాటిన భూకంపాల సంఖ్య మామూలు కంటే బాగా పెరిగింది.

సముద్రపు ప్లేటు తన పొట్టలోనే విరగగలదని అంతకుముందు ఎవరికీ తెలియదా? తెలుసు, కానీ విడివిడి ముక్కలుగా. 1928లో జపాన్ శాస్త్రవేత్త కియో వాదాతి, కొన్ని భూకంపాలు నేలకు వందల కిలోమీటర్ల కింద పుడుతున్నాయని చూపించాడు. అప్పటికి ప్లేట్ల సిద్ధాంతమే లేదు. అవి అగాధంలోకి దిగిపోతున్న సముద్రపు ప్లేటు లోపల వచ్చేవని తర్వాతి తరానికి గానీ తెలియలేదు. 1933 మార్చిలో జపాన్ సన్‌రికు తీరాన్ని 8.4 భూకంపం, దాని వెంట వచ్చిన సునామీ తుడిచిపెట్టాయి. 3 వేల మందికి పైగా చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. అది రెండు ప్లేట్లు రాసుకుని వచ్చింది కాదని, కిందికి వంగుతున్న ప్లేటు వీపు మీద చీలిందని 1971లో హిరూ కనమోరి నిరూపించాడు. పచ్చి కొమ్మను వంచితే పైబెరడు పట్మని చీలుతుంది చూడండి, అట్లా. 2009లో సమోవాను ముంచిన సునామీ వెనకా ఇలాంటి చీలికే ఉంది.

1960ల చివర్లో ప్లేట్ల సిద్ధాంతం వచ్చినప్పుడు దాని బలమంతా ఒక్క మాట మీదే నిలబడింది: ప్లేటు గట్టిది, వంగదు, జరిగేదంతా అంచుల్లోనే. లెక్కలు చక్కగా కుదిరాయి. ఒక్క హిందూ మహాసముద్రం దగ్గర మాత్రం కుదర్లేదు. అంచులకు ఎంతో దూరంగా, తొంభై డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట పోయే సముద్రగర్భ పర్వతశ్రేణి దగ్గర, భూకంపాలు వస్తూనే ఉన్నాయి. శ్రీలంకకు దక్షిణాన సముద్రపు అడుగు దుప్పటి నలిగినట్టు మడతలు పడి కనిపించింది. 1985లో కొందరు పరిశోధకులు కుండబద్దలు కొట్టారు. మనం ఇండో-ఆస్ట్రేలియా ప్లేటు అంటున్నది ఒకటి కాదు, విడిపోతున్న రెండు, వాటి మధ్య అంచు గీతలా కాకుండా వెడల్పాటి పట్టీలా ఉందన్నారు. రెండేళ్లకు, 1987లో, హిమాలయాల నుంచి గంగా బ్రహ్మపుత్రలు మోసుకెళ్లి పోసిన ఒండ్రులోకి ఓడ మీద నుంచి బోర్లు దించి చూస్తే, ఆ మడతలు మొదలై 70, 80 లక్షల ఏళ్లు అయిందని తేలింది.

కారణం మనకు ఉత్తరాన ఉంది. భారత్ వైపు ముక్క హిమాలయాలకు గుద్దుకుని సతమతమవుతోంది. ఆస్ట్రేలియా వైపు ముక్కకు ఆ అడ్డు లేదు, జావా దగ్గరి సముద్రపు అగాధంలోకి దిగిపోతోంది. బండికి కట్టిన రెండెడ్లలో ఒకటి ఆగి రెండోది నడిస్తే కాడి మెలి తిరుగుతుంది. 2012లో తిరిగింది ఆ మెలికే. మెలికకు లొంగిన చోటు కూడా కొత్తది కాదు. సుమారు 4 కోట్ల ఏళ్ల కిందటి వరకు అక్కడ సముద్రపు నేల పుట్టేది. అప్పుడు పడిన ఉత్తర-దక్షిణ పగుళ్లు ఆ తర్వాత చల్లారి అలాగే ఉండిపోయాయి. వాటిలో కొన్ని ఆ రోజు మళ్లీ కదిలాయి.

సముద్రపు ప్లేటు విరిగితే ఇంత భారీగా ఎందుకు విరుగుతుంది? ఇది నాకు జొన్నరొట్టెతో చెప్పడం అలవాటు. పెనం మీద నుంచి తీసిన రొట్టెను మడవచ్చు. మర్నాటి రొట్టె కటుక్కుమంటుంది. సముద్రపు నేల పుట్టినప్పుడు వేడిగా, పలచగా ఉంటుంది. కోట్ల ఏళ్లలో చల్లబడి మందమవుతుంది. రాయి దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ లోపు ఉన్నంత వరకే పెళుసుగా విరుగుతుంది, అది దాటితే సాగుతుంది. ముసలి సముద్రపు ప్లేటులో ఆ వేడి తగలాలంటే పైపొర దాటి, దాని కిందుండే మాంటిల్ అనే రాతి పొరలోకి చాలా లోతు పోవాలి. 2012 పగుళ్లు 50 కిలోమీటర్ల దాకా దిగాయంటే అందుకే. ఎంత లోతు విరిగితే అంత వైశాల్యం, అంత శక్తి. మన కాళ్ల కింది ఖండపు నేల సాధారణంగా అంత లోతు వరకు పెళుసుగా ఉండదు.

సముద్రపు ప్లేటు తన పొట్టలోనే విరిగిన ఉదాహరణలు ఆ తర్వాత వరసగా దొరికాయి. 2013 మేలో రష్యా తూర్పున ఒఖోత్స్క్ సముద్రం కింద, 600 కిలోమీటర్ల లోతున, 8.3. దాని ఊపు మాస్కోకు తెలిసింది. 2017 సెప్టెంబర్‌లో మెక్సికో దక్షిణ తీరాన 8.2, వంద మంది దాకా మృతి. 2018 జనవరిలో అలాస్కా సింధుశాఖలో 7.9, మళ్లీ అడ్డదిడ్డంగా నాలుగైదు పగుళ్లు.

మనకు దగ్గరిది ఇంకొకటి ఉంది, ఎందుకో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. 2014 మే 21 రాత్రి 10కి కాస్త ముందు, బంగాళాఖాతం కింద 6.0. భువనేశ్వర్, విశాఖ, చెన్నైతో పాటు ఢిల్లీలో కూడా తెలిసింది. దాని లోతు 50 కిలోమీటర్ల దరిదాపు. అంటే అదీ మాంటిల్‌లోనే, అదీ పక్కకు జరిగిందే.

ఇప్పుడు మా శిష్యుడి ప్రశ్నకు. ములుగు భూకంపం సముద్రపు ప్లేటుది కాదు. మన నేల వేరు, తీవ్రత వేరు. కానీ మన ప్లేటు కూడా ఉత్తరాన అదే హిమాలయాల దగ్గర ఒత్తిడి పడుతున్నదే, ఇక్కడా ఒక పాత గాయం ఉంది. గోదావరి లోయ 25 కోట్ల ఏళ్లకు పైబడిన చీలిక. ఖండం రెండుగా విడిపోబోయి మధ్యలో ఆగిపోయిన చోటు. ఆ కుంగిన పల్లంలో పూడిన అడవులే మన సింగరేణి బొగ్గు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది ఈ లోయలోనే. బొగ్గు గనుల వల్లే ఇదంతా అని ఆ రోజు చాలామంది అన్నారు. గని లోతును వందల మీటర్లలో కొలుస్తాం, ఇది 40 కిలోమీటర్లు. నాకైతే ఆ మాట పొసగదు.

"మరి మన కింద ఎంత పెద్దది రావచ్చు సార్?" అన్నాడు చివరికి. లాతూరు గుర్తు చేశాను. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున అక్కడ వచ్చింది 6.2, పోయిన ప్రాణాలు 10 వేలకు అటూ ఇటూ. అప్పటి భూకంప ముప్పు మ్యాప్‌లో ఆ ఊరు ఉన్నది ఒకటో జోన్‌లో, అంటే అన్నింటికన్నా భయం లేని చోట. 2002లో మ్యాప్ సవరించినప్పుడు ఒకటో జోన్‌నే తీసేశారు. ఇప్పుడు దేశంలో లెక్క రెండు నుంచే మొదలవుతుంది. నేను క్లాసులో వేలాడదీసిన పాత పటం ఇంకా మా అటక మీదే ఉంది, ఒకటో జోన్ రంగుతో సహా.