పాత పత్రికల్లో అరబ్బు తిరుగుబాటు: అపోహలు - వాస్తవాలు

మొదటి ప్రపంచ యుద్ధం నాటి పత్రికలు చదవడం, చదివించడం నా పని. 1916 జూన్‌లో మక్కా పాలకుడు షరీఫ్ హుసేన్ ఒట్టోమాన్ (తుర్కీ) ప్రభుత్వం మీద తిరగబడి, బ్రిటిష్‌వాళ్లతో కలిసి పోరాడిన ఘట్టం రాగానే విద్యార్థులు ఎప్పుడూ ఒకేరకంగా పొరబడతారు. అచ్చులో ఉన్నదంటే ఎవరైనా నమ్మేస్తారు కదా!

అపోహ: అప్పటి పత్రికల నిండా, అరబ్బులతో కలిసి పనిచేసిన బ్రిటిష్ అధికారి టి.ఇ. లారెన్స్ పేరే.

వాస్తవం: యుద్ధం సాగినంతకాలం లండన్‌లో పత్రిక కొని చదివే మామూలు మనిషికి ఆయన దాదాపు తెలియదు. 1918 నవంబరు చివర్లో ది టైమ్స్‌లో ఆయన రాసిన వ్యాసాల కింద కూడా సంతకం లేదు. 1919 ఆగస్టులో అమెరికన్ విలేకరి లోవెల్ థామస్ లండన్‌లో తెర మీద బొమ్మలు చూపిస్తూ ప్రసంగాలు మొదలుపెట్టాకే ఆ పేరు మార్మోగింది. మనం ఆ వెలుగులోంచి వెనక్కి చూస్తాం. అందుకే అరబ్బు తెగ నాయకుడు ఔదా అబూ తాయి కనబడడు. 1917 జులై 6న ఎర్రసముద్రపు రేవు అకబాను ఎడారి వైపు నుంచి వచ్చి పట్టుకున్నది చాలావరకు ఆయన వెంట కదిలిన తెగల మనుషులే. ఊరైతే చేతికొచ్చింది కానీ తినడానికి తిండి లేదు. లారెన్స్ ఒంటె మీద సినాయ్ దాటి సూయజ్ చేరి కబురు చెబితే, డఫరిన్ అనే భారత నౌక మీద ఆహారం వెళ్లింది. నా దృష్టిలో సైనిక సహకారమంటే ఇదే: తిండి, తుపాకులు, ఓడలు, నెలనెలా వెళ్లిన బంగారం. ఆ బంగారం లెక్క అప్పటి పత్రికల్లో వెతికితే దొరకదు. యుద్ధ వార్తల మీద సెన్సార్ ఉండేది.

అపోహ: ఇండియా పత్రికల్లో పెద్దగా వ్యతిరేకత కనబడదు కాబట్టి ఇక్కడి ముస్లింలు షరీఫ్‌ను సమర్థించారు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. గట్టిగా విమర్శించగల పత్రికలు అప్పటికే మూతపడ్డాయి. మహమ్మద్ అలీ నడిపిన కామ్రేడ్, అబుల్ కలాం ఆజాద్ నడిపిన అల్ హిలాల్ రెండూ 1914లోనే ఆగిపోయాయి. ప్రెస్ చట్టం కింద కట్టించుకున్న డిపాజిట్‌ను జప్తు చేస్తే పత్రిక నడిచేదెలా? మహమ్మద్ అలీ 1915 నుంచి నిర్బంధంలో ఉన్నారు. ఖలీఫా అయిన ఒట్టోమాన్ సుల్తాన్ మీద తిరుగుబాటని షరీఫ్‌ను తప్పుపట్టినవాళ్లు ఇక్కడ చాలామందే. పేజీ ఖాళీగా ఉందని జనం ఊరుకున్నారనుకోకండి. ఆ ఏడాది ఏయే పత్రికలు బతికి ఉన్నాయో ముందు చూడండి.

అపోహ: ఒట్టోమాన్ల అరబ్బు ప్రాంతాలను పంచుకోవడానికి బ్రిటన్, ఫ్రాన్స్ రహస్యంగా చేసుకున్న సైక్స్-పికో ఒప్పందం యుద్ధం ముగిసేదాకా బయటపడలేదు.

వాస్తవం: 1917 నవంబరు 23న రష్యాలో ఇజ్వెస్తియా, ప్రావ్దా పత్రికలు దాన్ని అచ్చేశాయి. మూడు రోజులకే మాంచెస్టర్ గార్డియన్‌లో వచ్చింది. డిసెంబరులో సిరియాలోని ఒట్టోమాన్ సేనాపతి జమాల్ పాషా బేరూత్‌లో నిలబడి, బ్రిటిష్‌వాళ్లు షరీఫ్‌ను మోసం చేశారని చెప్పాడు. హుసేన్ సంజాయిషీ అడిగాడు, బ్రిటిష్‌వాళ్లు సర్దిచెప్పారు, పోరాటం సాగింది.

అపోహ: మక్కా నుంచి వెలువడిన అల్ ఖిబ్లా చదివితే అరబ్బుల మనసు తెలిసిపోతుంది.

వాస్తవం: అది షరీఫ్ పత్రిక. 1916 ఆగస్టులో మొదలైంది. అదే ఏడాది దమాస్కస్‌లో జమాల్ పాషా అండతో అల్ షర్క్ వచ్చింది. అదీ అరబిక్కే, అదీ ఇస్లాం పేరు చెప్పే రాసింది. ఒట్టోమాన్ సైన్యంలో చివరిదాకా పోరాడిన అరబ్బులూ వేలల్లో ఉన్నారు. జాఫర్ అల్ అస్కరీ సంగతే చూడండి. బాగ్దాద్‌లో పుట్టిన ఒట్టోమాన్ అధికారి. 1916 ఫిబ్రవరిలో ఈజిప్టు పడమటి ఎడారిలో బ్రిటిష్‌వాళ్లకు బందీగా చిక్కాడు. తర్వాత షరీఫ్ కొడుకు ఫైసల్ పక్షాన చేరి రెగ్యులర్ దళాలను నడిపాడు. ఆయన గురించి చదివేటప్పుడు మా పిల్లల చేత ముందు తేదీ, తర్వాత పత్రిక అచ్చయిన ఊరు రాయిస్తాను. వార్త ఆ తర్వాతే.