మెడ దాకా కుట్టిన నెమలి

మా బీరువా కింది అరలో ఒక బట్టల షాపు సంచి ఉంది. అందులో మెడ దాకా కుట్టి వదిలేసిన క్రాస్ స్టిచ్ (గళ్ల బట్ట మీద ఇంటూ గుర్తుల్లా వేసే కుట్టు) నెమలి ఒకటి, నాలుగు మూలల్లో మూడు మూలలే అయిన టేబుల్ క్లాత్ ఒకటి, జతలో ఒక్కటే పూర్తయిన దిండు గలీబు, మా అక్క కూతురు పుట్టినప్పుడు మొదలుపెట్టిన స్వెట్టర్ (ఆ పిల్ల ఇప్పుడు ఆరో క్లాసు, పైగా మా పాలకొల్లులో స్వెట్టర్ వేసుకునేంత చలి ఏడాదికి పది రోజులుంటే గొప్ప), ఇంకా అది ఏమవ్వాల్సిందో నాకే గుర్తులేని ఒక క్రోషియా ముక్క. చీర తీసుకుందామని బీరువా తలుపు తీసిన ప్రతిసారీ ఆ సంచి అంచు కనబడుతుంది, కడుపులో చిన్నగా ఏదో కదులుతుంది. తప్పు చేసినట్టు కాదు, ఎందుకంటే ఆ నెమలి కోసం ఎదురు చూస్తున్నవాళ్లెవరూ లేరు. స్టవ్ మీద పాలు పెట్టి వచ్చానా అనిపిస్తుందే, అలాంటిది. పాలైతే వెళ్లి కట్టేసి రావచ్చు. నెమలికి అలా కుదరదు.

దీనికి మనస్తత్వశాస్త్రంలో ఒక పాత కథ ఉంది. 1920లలో బెర్లిన్ యూనివర్సిటీలో కుర్ట్ లెవిన్ అనే ప్రొఫెసర్ దగ్గర బ్లూమా జైగార్నిక్ అనే అమ్మాయి చదువుకునేది, పుట్టింది లిథువేనియాలో. హోటల్లో సర్వర్లు బిల్లు కట్టని బల్లల ఆర్డర్లన్నీ పొల్లుపోకుండా చెప్పేస్తారు, బిల్లు కట్టాక అడిగితే మాత్రం తడబడతారు, ఇదేమిటా అన్న ఆశ్చర్యం నుంచి ఆ ప్రయోగం పుట్టిందని చెబుతుంటారు. ఆవిడ మనుషుల్ని పిలిచి 20 దాకా చిన్న చిన్న పనులు చేయించింది: పూసలు గుచ్చడం, మట్టితో బొమ్మ చేయడం, లెక్కలు, పజిళ్లు. సగం పనులు పూర్తి చెయ్యనిచ్చి, మిగతా సగం మంచి పట్టులో ఉండగా ఆపించేసింది. తర్వాత ఏవేం చేశారో చెప్పమంటే, ఆగిపోయిన పనులు పూర్తయినవాటికంటే దాదాపు రెట్టింపు గుర్తొచ్చాయట. 1927లో అచ్చయిన ఈ ఫలితానికి జైగార్నిక్ ఎఫెక్ట్ అని పేరు పడింది. మొదలుపెట్టిన పని మనసులో ఒక బిగువును పుట్టిస్తుందని, పని అయ్యాకే అది సడలుతుందని లెవిన్ సిద్ధాంతం.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే, పైగా వినడానికి బావుంటుంది కూడా. కానీ నా సంచిని చూసుకుంటే నాకెందుకో ఇది సరిపోలేదు. ఆగిపోయిన పనులే బాగా గుర్తుండాలంటే ఆ క్రోషియా ముక్క ఏమిటో నాకు గుర్తుండాలిగా! అది పూర్తిగా మర్చిపోయాను, చేతిలోకి తీసుకున్నా గుర్తు రాలేదు. కానీ చేతిలోకి తీసుకోగానే కొక్కెం కోసం చూశాను, రెండు వరసలు అల్లేసి ఉండేదాన్ని కూడా, ఎదురింటి ఆవిడ పిలవకపోతే.

గుర్తుండటం వేరు, చెయ్యి లాగడం వేరు అన్నమాట. ఈ రెండోదాన్ని పట్టుకున్నది అదే లెవిన్ దగ్గర పనిచేసిన మరో అమ్మాయి, మరియా ఓవ్సియాంకినా. 1928లో అచ్చయిన ఆవిడ ప్రయోగం చాలా సింపుల్. మనుషుల్ని పని మధ్యలో ఆపి, ఇంకోటేదో చేయించి, తర్వాత ఖాళీగా వదిలేసేది. మళ్లీ చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చేస్తే బహుమతీ లేదు. అయినా ఎక్కువమంది వాళ్లంతట వాళ్లే ఆగిపోయిన పని ముందుకి లాక్కుని చెయ్యడం మొదలుపెట్టారు. పేరు మాత్రం జైగార్నిక్‌కే వచ్చింది, ఈవిడ పేరు పాఠ్యపుస్తకాల్లో మూలన మిగిలింది. తమాషా ఏమిటంటే, దశాబ్దాలుగా చేసిన ప్రయోగాలన్నీ కలిపి లెక్కకట్టిన ఒక సమీక్ష 2025లో వచ్చింది. ఆగిపోయిన పనులే ఎక్కువ గుర్తుంటాయన్నది అన్నిచోట్లా నిలబడే నియమం కాదని, తిరిగి ఆ పనికి చెయ్యి వెళ్లే గుణం మాత్రం స్థిరంగా కనిపిస్తోందని అది తేల్చింది. ఇంతకాలం పక్కన కూర్చున్న ఓవ్సియాంకినాదే పైచేయి అయింది. నాకు భలే సంతోషం వేసింది.

సరే, చెయ్యి లాగుతుంటే మరి కుట్టెయ్యొచ్చుగా? ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. నా నెమలి చార్టు 150 గళ్ల వెడల్పు, 200 గళ్ల ఎత్తు. వెనక నేలతో సహా అంతా కుట్టాలి కాబట్టి 30,000 ఇంటూ గుర్తులు, ఒక్కో ఇంటూకి రెండు అడ్డకుట్లు, అంటే సూది 60,000 సార్లు పైకి రావాలి. బట్ట 14 కౌంట్ ఐడా, అంగుళానికి 14 గళ్లు, కాబట్టి ఇంత చాకిరీ చేస్తే వచ్చేది సుమారు 11 అంగుళాలకి 14 అంగుళాల బొమ్మ. గడియారం పెట్టుకుని చూస్తే నా చెయ్యి గంటకి 120 ఇంటూలు నడిచింది, దారం ఎక్కించడం, గళ్లు లెక్కపెట్టుకోవడం, ఒక గడి తప్పితే విప్పడం అన్నీ కలిపి. 30,000ని 120తో భాగిస్తే 250 గంటలు. రోజూ అరగంట కుడితే 500 రోజులు, అదీ ఒక్క రోజు మానకుండా! మొదలుపెట్టిన దసరాకి నేను మా ఆయనతో అన్న మాట, "సంక్రాంతికి హాల్లో గోడకి ఉంటుంది చూడండి."

ఈ జబ్బుకీ పేరుంది, ప్లానింగ్ ఫాలసీ. డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లో పెట్టారు. 1994లో కొందరు పరిశోధకులు, థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు, పట్టింది 55 రోజుల పైనే. అంచనా వేసేటప్పుడు మనం పనిని చూస్తాం గానీ మధ్యలో వచ్చే పెళ్లిళ్లు, జ్వరాలు, చుట్టాలు, కరెంటు కోతలు కనబడవు. ఒక్క నెమలికే ఇలా ఉంటే ఇక కోటిపల్లి–నరసాపురం రైలు సంగతి అడక్కండి, గోదాట్లో స్తంభాలు లేచాయి, రైలే రావాలి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం మా పిన్ని. నరసాపురం దగ్గర పల్లెలో ఉంటుంది, పదేళ్ల వయసు నుంచీ లేసు అల్లుతోంది. మా వైపు ఇది కొత్తేం కాదు, 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన అల్లిక ఈ డెల్టా ఊళ్లలో ఇంటింటికీ పాకింది, విదేశాలకి ఎగుమతి అయింది, 2024లో నరసాపురం క్రోషియా లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద కూర్చుని అల్లుతుంటే కొక్కెం ఎక్కడ తిరుగుతోందో కంటికి ఆనదు. పిన్ని ఇంట్లో సగంలో ఆగిన అల్లిక లేదు. ఎప్పుడూ లేదట. నా సంచి సంగతి చెబితే ముందు నవ్వింది, తర్వాత "అదేవన్నా ఏజెంటు అడుగుతున్నాడేంటే?" అంది.

ఏజెంటు (లేసు అల్లించుకుని పట్టుకెళ్లేవాడు) అడిగే పని కాబట్టే పూర్తవుతుందన్నది సగం నిజం. మిగతా సగం ఆ పని ఉన్న తీరులో ఉంది. పెద్ద దుప్పటి ఒక్క మనిషి మొదటి నుంచి చివరి దాకా అల్లదు. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అతుకు పని చేస్తారు, అంటే ఆ పువ్వుల్ని ఒకదానికొకటి కలుపుతారు. పిన్ని చేతిలో ఉన్నది ఎప్పుడూ ఒక పువ్వే. అది కాసేపట్లో అయిపోతుంది. అయిపోయింది పక్కన పెట్టి, ఇంకోటి మొదలు. వంట మధ్యలో లేచినా ఆగిపోయేది ఒక పువ్వు, అంతేగానీ దుప్పటి కాదు.

ఇందులో ఉన్న కిటుకుకి గోల్ గ్రేడియంట్ అని పేరు. 1930లలో క్లార్క్ హల్ అనే ఆయన, ఎలుకలు తిండి దగ్గరికి వస్తున్నకొద్దీ వేగం పెంచుతాయని చూశాడు. మనుషుల మీద 2006లో వచ్చిన ఒక ప్రయోగం ఇంకా సరదాగా ఉంటుంది. కార్లు కడిగే చోట 300 మందికి కార్డులిచ్చారు, ముద్రలన్నీ పడితే ఒకసారి ఫ్రీగా కడుగుతారు. సగం మంది కార్డుల్లో 8 గళ్లు, అన్నీ ఖాళీ. మిగతా సగానికి 10 గళ్లు, కానీ రెండు ముందే ముద్ర వేసి ఇచ్చారు. ఎవరైనా రావాల్సింది 8 సార్లే. అయినా ఖాళీ కార్డువాళ్లలో 19 శాతం మంది పూర్తిచేస్తే, రెండు ముద్రలు ముందే పడ్డవాళ్లలో 34 శాతం మంది పూర్తిచేశారు. గట్టు దగ్గరికొచ్చామనిపిస్తే కాళ్లు వాటంతట అవే నడుస్తాయి. సఖినేటిపల్లి రేవులో పంటు ఇంకా ఒడ్డుకి తగలకుండానే జనం బళ్లు స్టార్ట్ చేస్తారే, అలాగ. పిన్నికి ఒడ్డు ఎప్పుడూ పువ్వంత దూరంలోనే ఉంటుంది. నా నెమలికి ఒడ్డు ఎక్కడో 500 రోజుల అవతల, కంటికి కూడా ఆనదు.

అలాగని పిన్ని జీవితం నాకంటే హాయి అని అనట్లేదు, అంత అమాయకత్వం లేదు నాకు. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ నరసాపురం లేసు ఆడవాళ్ల మీద 1982లో పుస్తకం వేసింది. రోజంతా అల్లి ఎగుమతి సరుకు తయారుచేస్తున్నా వీళ్లని పనివాళ్లని ఎవరూ అనరు, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులంటారు, ఆ మాట అడ్డుపెట్టుకునే కూలి తగ్గుతుందని ఆవిడ చెప్పింది. పువ్వు ముగిసిన తృప్తి పిన్నిది, దుప్పటి ముగిసిన డబ్బు ఇంకెవరిదో.

ఇప్పుడు మళ్లీ నా కడుపులో కదిలేదాని దగ్గరికి. దాన్ని నెమ్మదింపజేయాలంటే పని పూర్తి చెయ్యక తప్పదా? తప్పుతుందని 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు చూపించారు. ముగియని పనులు తలుచుకున్నవాళ్లకి ఒక నవల భాగం చదవమని ఇస్తే మధ్యమధ్యలో ఆ పనులే బుర్రలోకొచ్చి చదువు సాగలేదు. కానీ ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ముందు ఖచ్చితంగా రాసుకున్నవాళ్లకి ఆ గోల తగ్గింది. గమనించండి, పని అప్పటికింకా అవ్వలేదు, ప్లాను మాత్రమే అయింది. మనసు అడిగేది పూర్తి చెయ్యమని కాదు, తర్వాత ఏం చెయ్యాలో తేల్చమని.

ఇది చదివాక నెమలి బయటికి తీశాను. ఎందుకు వదిలేశానా అని చూస్తే సంగతి అర్థమైంది: ఒక రంగు మధ్యలో, చార్టు మీద గుర్తు పెట్టుకోకుండా ఆపేశాను. మళ్లీ మొదలెట్టాలంటే ముందు ఎక్కడున్నానో వెతుక్కోవాలి, పై అంచు నుంచి గళ్లు లెక్కపెట్టుకుంటూ రావాలి, అది అరగంట పని, నాకున్నదే అరగంట. కుట్టాలన్న కోరిక ఉన్నా గుమ్మం దగ్గరే ఆగిపోయేది. కుట్టేవాళ్లెవరైనా చదువుతుంటే వాళ్లకి మాత్రం చెబుతున్నా, ఆపేముందు రెండు నిమిషాలు మిగుల్చుకోండి. అయిన గళ్లు హైలైటర్‌తో కొట్టేయండి, తర్వాతి రంగు నంబరు చార్టు అంచున రాయండి, రెండు పోగులు తీసి సిద్ధంగా పెట్టండి. సూది మాత్రం బట్టకి గుచ్చి వదలొద్దు. మన గోదావరి జిల్లాల తేమకి, దానికితోడు ఉప్పుగాలికి, పై పూత అరిగిన సూది వానాకాలం దాటేసరికి తుప్పు మచ్చ పెడుతుంది. నా టేబుల్ క్లాత్ నాలుగో మూల కథ అదే.

ఆ టేబుల్ క్లాత్ విషయంలో ప్లాను వేసినా లాభం లేదు, మచ్చ పోదు. అయినా మూడు మూలలు కుట్టాను కదా అని పారెయ్యబుద్ధి కాలేదు. పెట్టిన శ్రమ తిరిగి రాదు, అయినా అదే చూసుకుని ఇంకా పెట్టాలనిపించడాన్ని ఆర్థికవేత్తలు సంక్ కాస్ట్ ఫాలసీ అంటారు, మా నాన్నగారైతే "రొయ్యల చెరువు బుద్ధి" అనేవారు, ఆయన అనుభవం ఆయనది. కార్స్టన్ రోష్ అనే పరిశోధకుడి బృందం 2003 నుంచీ చెబుతున్నదేమంటే, అందని లక్ష్యాన్ని వదిలెయ్యగలిగి, ఇంకోదాని మీద మనసు పెట్టగలిగినవాళ్లు మొత్తం మీద నిమ్మళంగా ఉంటారు. ఇందులో రెండు సగాలూ ముఖ్యమే. ఊరికే బీరువాలో కుక్కితే వదిలేసినట్టు కాదు. బాగున్న మూడు మూలలూ కత్తిరించి మూడు చేతిరుమాళ్లు చేశాను, తుప్పు మూల స్టవ్ తుడవడానికి వెళ్లింది. స్వెట్టర్ విప్పేసి ఊలు ఉండ చుట్టాను. గలీబు రెండోది వారానికి రెండు రోజులు, సీరియల్ టైములో, ఒక్కో రోజు ఒక్కో పువ్వు.

నెమలిని మొన్న నరసాపురం పట్టుకెళ్లాను. పిన్ని దాన్ని వెలుతురుకి పట్టి, తిరగేసి వెనక ముళ్లు చూసి (అల్లికవాళ్లు ముందు వెనకవైపే చూస్తారు), "మెడ దాకా బానే ఉందిగా, ఇదే ఒక పువ్వనుకో, అక్కడికి కత్తిరించి పటం కట్టించెయ్యి" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడే ఫ్రేముల షాపులో ఇచ్చాను, ఇప్పుడు హాల్లో గోడకి మెడ దాకా నెమలి ఉంది, దసరాకి చెప్పిన మాట నాలుగు సంక్రాంతులు ఆలస్యంగా నిలబెట్టుకున్నాను.

కిందటి ఆదివారం మా ఆడపడుచు వచ్చింది. కాఫీ తాగుతూ పటం వైపు చాలాసేపు చూసి, "బావుంది వదినా, ఈకలేవీ?" అంది. ఆవిడ వెళ్లాక చార్టు తీశాను. పారెయ్యలేదు దాన్ని.