టేకు దుంగ ఏ పద్దులో దాగింది?

మయన్మార్ (బర్మా) టేకు అడవులు తరగడంలో ఎవరి వాటా ఎంత అనే వాదన మళ్లీ రేగింది. చైనా ఎంత తెచ్చింది, మనం ఎంత తెచ్చాం అని కోసిన హార్డ్‌వుడ్ (టేకు లాంటి గట్టి కలప) దిగుమతుల పట్టికలు పక్కపక్కన పెడుతున్నారు. వాటిలో చైనా కొండంత, మనం ఆవగింజంత. అసలు తప్పు ఆ పోలికలోనే ఉంది.

కస్టమ్స్ పద్దుల్లో దుంగలది 4403, కోసిన కలపది 4407. దుంగ మీద సుంకం తక్కువ కావడంతో మనవాళ్లు దశాబ్దాలపాటు దుంగలే కొన్నారు. అవి గుజరాత్‌లోని కాండ్లా రేవులో దిగేవి, గాంధీధామ్ సామిల్లుల్లో కోతకు వెళ్లేవి. 4407 ఒక్కటే తిరగేస్తే ఆ టేకు జాడే ఉండదు.

బ్రిటిష్ కాలంలో రంగూన్ నుంచి టేకు వచ్చిన సంగతి అందరూ ఎరిగిందే. నా దృష్టిలో మలుపు 1996 డిసెంబరు 12. అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ (ఏ చెట్లు ఎప్పుడు కొట్టాలో చెప్పే ప్రణాళిక) లేకుండా అడవుల్లో చెట్టు కొట్టొద్దంది. ఈశాన్య రాష్ట్రాల నుంచి కలప బయటికి రాకుండా ఆపింది. రెండేళ్లు తిరగకుండానే చైనాలో యాంగ్జీ నదికి ఘోరమైన వరదలు వచ్చాయి. ఎగువన అడవులు నరికిన పాపమేనని గ్రహించిన చైనా సహజ అడవుల్లో నరుకుడు నిషేధించి, మరుసటి ఏడు దుంగల మీద దిగుమతి సుంకం ఎత్తేసింది.

రెండూ మంచి నిర్ణయాలే. కానీ కలప వాడకం మాత్రం రెండు చోట్లా తగ్గలేదు. మన గొడ్డలి పొరుగువారి అడవిలో పడింది. చైనా 1998లో తెచ్చుకున్న దుంగలు దాదాపు 48 లక్షల ఘనపు మీటర్లు. 2014 నాటికి, మెత్త కలపతో కలిపి, 5 కోట్లు దాటాయి. మొత్తం మీద మన వాటా దానికి ఏమాత్రం సాటిరాదు. టేకును విడదీసి చూడండి, లెక్క తిరగబడుతుంది. 2014కు ముందు మయన్మార్ టేకు దుంగలకు అన్నిటికంటే పెద్ద గిరాకీ మనదే ఉండేది. గుమ్మం బర్మా టేకుదని చెప్పుకోవడం కోస్తాలో ఇవాళ్టికీ గొప్పే.

మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. 2000-2013 మధ్య ఆ దేశం పద్దుల్లో చూపిన దుంగల ఎగుమతి, కొన్న దేశాలు రాసుకున్నదాంట్లో 28 శాతమేనని పర్యావరణ నేరాలను శోధించే స్వచ్ఛంద సంస్థ ఎన్విరాన్‌మెంటల్ ఇన్వెస్టిగేషన్ ఏజెన్సీ అదే ఏడాది తేల్చింది. మిగతాది లెక్కకెక్కకుండా పోయినట్టే. అందులో చైనా దొంగదారి అందరి కంటా పడింది. చైనా సరిహద్దున ఉన్న కచిన్ కొండల మీదుగా లారీలు వెళ్లేవి. 2015 జనవరిలో 150 మందికి పైగా చైనా కూలీలను మయన్మార్ సైన్యం పట్టుకుంది. మన టేకు మాత్రం ఓడల్లో, కాగితాలతో వచ్చింది. ప్రభుత్వ సంస్థ మయన్మా టింబర్ ఎంటర్‌ప్రైజ్ దగ్గర సక్రమంగా కొన్నామని వ్యాపారుల మాట. 2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తర్వాత ఆ సంస్థ సైన్యం గుప్పిట్లోకి వెళ్లింది. ఏప్రిల్‌లో అమెరికా, జూన్‌లో యూరోపియన్ యూనియన్ దానిపై ఆంక్షలు పెట్టాయి. ఢిల్లీ గానీ బీజింగ్ గానీ పెట్టలేదు.

దుంగ రావడం ఆగాక అదే టేకు కోసిన చెక్కగా దిగుతోంది. 2014 తర్వాత మన 4407 పద్దు పెరగడానికి అదొక కారణం. ఆ పెరుగుదలను కొత్త గిరాకీగా చూపే పట్టిక, అంతకుముందు 4403లో మనం తెచ్చిన చెట్లను లెక్కలోంచి తీసేస్తోంది.